సముద్ర విచారాల శాఖలో అత్తగారి వ్యవహారం

ప్రతి దేశానికీ ఒక ప్రధాన ఉత్పత్తి ఉంటుంది. కొందరికి చమురు, కొందరికి ఉక్కు, కొందరికి గడియారాలు. మా మాల్టా ఉత్పత్తి ఆందోళన. దీనికి గనులు తవ్వక్కర్లేదు, పొగగొట్టాలు కట్టక్కర్లేదు. చుట్టూ సముద్రం ఉంది. ఆ సముద్రంలో ఎప్పుడూ ఎవరో ఒకరు మునిగిపోతూనో, ఆగిపోతూనో, పట్టుబడుతూనో ఉంటారు. మేం ఒడ్డున నిలబడి చూస్తాం, ఆందోళన చెందుతాం, చెందినట్టు రాతపూర్వకంగా నాలుగు దిక్కులకూ తెలియజేస్తాం, తర్వాత భోజనానికి వెళ్తాం. (ఆందోళన వల్ల భోజనం వాయిదా పడిన దాఖలాలు ఇంతవరకు లేవు.)

ఈ సరుకు తయారయ్యేది మా రాజధాని వల్లెట్టాలో ఒక పాత భవనం పై అంతస్తులో. దాని పేరు సముద్ర విచారాల శాఖ. అందులో విచారాలు రాసే బాధ్యత విస్తిన్ జెరాఫాది. మనిషి మెత్తన. యాభై దాటినా, ఎవరైనా గట్టిగా తుమ్మితే తనే క్షమాపణ చెప్పే రకం. ఆయన చేతిలో ఒక మెట్ల వరస ఉండేది. అన్నిటికన్నా కింది మెట్టు ‘గమనించాం’. దానిపైన ‘జాగ్రత్తగా గమనిస్తున్నాం’. తర్వాత ‘ఆందోళన’, ‘తీవ్ర ఆందోళన’, ‘గాఢమైన ఆందోళన’. అన్నిటికన్నా పైన ‘ఖండిస్తున్నాం’. ఈ చివరి మాట వాడాలంటే మంత్రివర్గం అనుమతి కావాలి. ఆ అనుమతి ఎలా అడగాలో తెలిసిన గుమాస్తా పదవీ విరమణ చేసి గోజో ద్వీపంలో ద్రాక్షతోట వేసుకున్నాడు. శాఖాధిపతి డాక్టర్ మెల్కియోర్ షిబెరాస్ మాత్రం అత్యవసర సమయంలో తన విచక్షణతో దాన్ని వాడొచ్చు. ఆయన విచక్షణ ఎప్పుడూ వాడనందువల్ల కొత్తదిలా మెరుస్తూ ఉండేది.

సెప్టెంబరులో, లంపూకి చేపలు పడే రోజుల్లో, ‘మర్జానా’ అనే పాత ప్రయాణికుల ఓడ మా దక్షిణ తీరం ఎదుట వచ్చి ఆగిపోయింది. గాజాకు వెళ్తోంది. అందులో పసిపిల్లల పాలపొడి, చంకకర్రలు, ఆపరేషన్లకు వాడే మత్తుమందు సీసాలు. మనుషుల్లో ఒక ఐర్లండు సన్యాసిని, ట్యునీషియా డాక్టర్లు ఇద్దరు, రిటైరైన ఇటాలియన్ బడి పంతుళ్ళు చాలామంది. గాజా చుట్టూ సముద్రానికి కాపలా ఉంది కదా, దాన్ని దాటి సరుకు దింపుతామని వీళ్ళ పట్టుదల. దాటనిచ్చేది లేదని కాపలా కాసేవాళ్ళ పట్టుదల. మధ్యలో మా ఊరి ఎదుట ఓడ నీటి పంపు చెడిపోయింది. రేవులోకి వచ్చి బాగుచేయించుకుంటామని కెప్టెన్ అడిగాడు.

రానిస్తే ఒక పక్షం వహించినట్టు. పొమ్మంటే మరో పక్షం వహించినట్టు. (మా రాజ్యాంగంలో తటస్థత ఉంది. ఎటు కదిలినా అది నలుగుతుంది.)

“ఏం చేద్దామంటావ్, విస్తిన్?” అన్నాడు డాక్టర్ షిబెరాస్, కాఫీ కలుపుకుంటూ.

“రేవులో చోటు లేదందాం సార్.”

“చోటు ఉంది కదయ్యా. కిటికీలోంచి కనపడుతోంది.”

“రాబోయే ఓడ కోసం అట్టే పెట్టామందాం సార్.”

“ఏ ఓడ?”

“అది పరిశీలనలో ఉందందాం.”

డాక్టర్ షిబెరాస్ చెంచా పక్కన పెట్టి ఆయన వైపు ప్రేమగా చూశాడు. “నువ్వు లేకపోతే ఈ దేశం ఏమైపోయేదో!”

ప్రకటన వెలువడింది. వెలువడిన గంటకే ప్రపంచం మేలుకుంది. కాపలా కాసే దేశపు రాయబారి ఫోన్ చేసి, ‘మానవతా ఓడ’ అని ఎలా రాస్తారన్నాడు. విస్తిన్ దాన్ని ‘మానవతా ఓడగా చెప్పుకుంటున్న నౌక’ అని మార్చాడు. ఓడ మీద ఎగిరే జెండా ఎవరిదో వాళ్ళ రాయబారి ఫోన్ చేసి, ‘చెప్పుకుంటున్న’ అన్నది అవమానమన్నాడు. విస్తిన్ ‘నౌక’ అని మాత్రం ఉంచాడు. నౌక అంటే దానికి గమ్యం ఉన్నట్టు ధ్వనిస్తోందని ఇంకో రాయబారి. సాయంత్రానికి అది ‘నీటిపై ఉన్న సౌకర్యం’ అయింది. గాజా ‘తూర్పు తీరం’ అయింది. కాపలా కాసేవాళ్ళు ‘సంబంధిత పక్షం’ అయ్యారు. సముద్రాన్ని కూడా తీసేయమని ఎవరైనా అడుగుతారేమోనని విస్తిన్ ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. దాన్ని ఆయన తన వృత్తి జీవితంలో ఒక విజయంగా లెక్కేసుకున్నాడు.

ఆదివారం భోజనం దక్షిణ తీరంలోని మర్సాష్లోక్‌లో, అత్తగారింట్లో. అత్తగారు జుజా ఎల్లుల్. భర్త జాలరి, పోయి చాలాకాలమైంది. ఆవిడ బడి క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్ళు వండిపెట్టి, ఇప్పుడు ఊరందరికీ వండిపెడుతోంది. ఊరివాళ్ళు ఆకలి లేదన్నా వినదు. ఆ ఇంటి డాబా మీది నుంచి చూస్తే మర్జానా బూడిదరంగు మచ్చలా కనపడుతోంది.

జుజా చేప పులుసు గిన్నె బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది. “ఏమయ్యా అల్లుడూ, ఆ ఓడలో తాగడానికి నీళ్ళు లేవట. నిజమేనా?”

“పరిస్థితిని గమనిస్తున్నాం, అత్తయ్యా.”

“నేనూ గమనిస్తున్నా. డాబా ఎక్కితే చాలు, కనపడుతోంది. నీకు జీతమిచ్చి మరీ గమనించమన్నారు కదా, ఇంకా బాగా కనపడుతుందేమోనని అడిగా.”

“అమ్మా, తిననివ్వవే,” అంది విస్తిన్ భార్య లూర్దెస్.

“తినమనే వండాను. ఏమయ్యా, పంపు బాగుచేయడానికి ఎంతసేపు పడుతుందట?”

“అది సాంకేతిక విషయం అత్తయ్యా. నిపుణుల సంఘం వేశాం.”

“మా మేనల్లుడు సల్వు గాడు చేస్తాడు. వాడి పడవ ఇంజను వాడే బాగుచేసుకుంటాడు.”

“సల్వు వెళ్ళకూడదు. వెళ్తే అది దేశం తరఫున వెళ్ళినట్టు అవుతుంది.”

జుజా గరిటె ఎత్తి పట్టుకుని కాసేపు అల్లుడి మొహంలోకి చూసింది. “మా సల్వు గాడు దేశం ఎప్పుడయ్యాడయ్యా? వాడికి పడవ లైసెన్సు కోసం మీ ఆఫీసుల చుట్టూ తిరిగితే నువ్వెవరివన్నారే!”

విస్తిన్ రొట్టె ముక్క పులుసులో ముంచాడు. దౌత్యంలో రొట్టె ముంచడం చాలా ఉపయోగపడుతుంది. నోరు నిండి ఉన్నవాణ్ణి ఎవరూ జవాబు అడగరు. కానీ ఆ పూట ఆయనకు పులుసు రుచి తెలియలేదు. తను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా మంచంలో పడుకున్న పసివాడి దగ్గర మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నానేమిటా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున జుజా మేనల్లుడు సల్వు తన రంగుల లుత్సు పడవలో నీళ్ళ డబ్బాలు, టమాటాలు, గోనెసంచి నిండా రొట్టెలు వేసుకుని బయల్దేరాడు. రొట్టెలు విరిగిపోకుండా చూసుకోవడానికి మేనత్త కూడా ఎక్కింది. మధ్యాహ్నానికి సల్వు తిరిగొచ్చాడు. మేనత్త రాలేదు. నిపుణుల సంఘం మొదటి సమావేశానికి ఇంకా తేదీ ఖరారు కాకముందే తన చేతుల మీదుగా పంపు బాగైపోయిందని, ఓడ కదిలిందని, అత్త వంటగదిలో దూరి బయటికి రావడం లేదని చెప్పాడు.

“రొట్టెలు ఇచ్చి దిగిపొమ్మన్నా బావా. ఆ వంటవాడు ఉల్లిపాయలు తరిగే తీరు చూసి దిగబుద్ధి కాలేదంది. నన్నేం చేయమంటావ్?” అన్నాడు ఫోన్లో.

సాయంత్రం ఓడలోంచి ఆవిడే ఫోన్ చేసింది. వెనక గిన్నెల మోత, ఎవరో నవ్వుతున్న చప్పుడు.

“అత్తయ్యా, ఎక్కడున్నారు?”

“నీటిపై ఉన్న సౌకర్యంలో ఉన్నానయ్యా. బానే ఉంది సౌకర్యం. నా బీపీ మాత్రలు వంటింట్లో కిటికీ దగ్గర ఉండిపోయాయి. లూర్దెస్‌తో చెప్పు, పిల్లికి చేప తలకాయలు వేయమని.”

“వెంటనే దిగిపోవాలి మీరు!”

“నడిసముద్రంలో ఎక్కడ దిగనయ్యా? ఆ సన్యాసినికి ఉప్పు ఎక్కువైతే పడదట, ఇటాలియన్ వాళ్ళకి తక్కువైతే పడదట. నాకు చాలా పనుంది. ఉంటా.”

విషయం శాఖకు తెలిసింది. (మాల్టాలో విషయం తెలియడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వీస్తే చాలు.) కాపలా కాసే దేశపు రాయబారి స్వయంగా వచ్చాడు. మాల్టా రహస్యంగా తన దౌత్య కుటుంబాన్ని ఓడ ఎక్కించి రెచ్చగొడుతోందన్నాడు. జెండా దేశపు రాయబారి కూడా వచ్చాడు. మాల్టా తన గూఢచారిని వంటమనిషి వేషంలో ఓడ ఎక్కించిందన్నాడు. ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడి, ఒకరికొకరు దారి ఇచ్చుకోవడానికి ఇష్టపడక, చాలాసేపు గోడ మీది పటాలు చూస్తూ నిలబడ్డారు. బ్రస్సెల్స్‌లోని ఐరోపా సమాఖ్య నుంచి ఒక ప్రశ్న వచ్చింది: అత్తగారి ప్రయాణం ఉమ్మడి విధానానికి లోబడి ఉందా? ఉమ్మడి విధానం ఏమిటని విస్తిన్ ఎదురు ప్రశ్న పంపాడు. అది ఇంకా నిర్ణయించలేదని, కానీ లోబడి ఉండటం తప్పనిసరి అని జవాబొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ఓడతో సంబంధం తెగిపోయింది. ఆఖరున ఒక చిన్న వీడియో వచ్చింది. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని, చేతులు పైకెత్తి, డెక్ మీద వరసగా కూర్చున్నారు. ఆ చివర జుజా. ఆవిడ ఒక చెయ్యే ఎత్తింది. రెండో చేత్తో పక్కన వణుకుతున్న కుర్ర డాక్టర్ భుజం పట్టుకుంది. ఎవరో ముసుగు మనిషి ఆ చేతిని లాగాడు. వీడియో అక్కడితో అయిపోయింది.

విస్తిన్ దాన్ని మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. లూర్దెస్ ఫోన్ చేసింది. ఏడవడం లేదు, అదే భయం వేసింది ఆయనకి.

“అమ్మని పట్టుకెళ్ళారు. చూశావా?”

“చూశాను.”

“ఏం రాస్తున్నావ్?”

“అంటే... డాక్టర్ షిబెరాస్‌తో మాట్లాడి...”

“విస్తిన్. అమ్మ గురించి ఏం రాస్తున్నావ్?”

డాక్టర్ షిబెరాస్ ఆ వేళ తన ఊరి ఉత్సవంలో ఉన్నాడు. బాణాసంచా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఫోన్ ఎత్తాడు గానీ, మా ఉత్సవాల్లో పగలు కూడా కాలుస్తారు కాబట్టి, ఏమీ వినపడలేదు.

“సార్, ఓడని పట్టుకున్నారు! ఏ మాట వాడమంటారు?”

“ఏంటి? ఎవర్ని?”

“ఏ మాట వాడాలి సార్?”

ఢాం, ఢాం అని రెండు పేలాయి. “నీ ఇష్టం విస్తిన్! నీ విచక్షణ! నీకు నచ్చింది రాసి పంపెయ్!” అని అరిచి, ఆయన పెట్టేశాడు.

మెరిసే కొత్త విచక్షణ విస్తిన్ ఒళ్ళో పడింది.

ఆయన తలుపు మూశాడు. కూర్చున్నాడు. ‘మాల్టా ప్రభుత్వం ఈ చర్యను తీవ్రంగా ఖండిస్తోంది. మా పౌరురాలిని, ఆమెతో ఉన్నవారిని వెంటనే విడుదల చేయాలి. సరుకును గాజాకు చేరనివ్వాలి’ అని రాశాడు. ఖండించడం అన్న మాట తన వేళ్ళ కింద పడటం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. చిన్నప్పుడు కొండ చివరి నుంచి సముద్రంలోకి దూకేముందు ఇలాగే ఉండేది. (ఆయన ఎప్పుడూ దూకలేదు. దూకేముందు ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు.) వాక్యం నిటారుగా నిలబడి ఉంది. ఆయనకు అది అందంగా కనిపించింది. ఇంకొక్క మీట నొక్కితే చాలు.

సరిగ్గా అప్పుడు ఆయనకు సన్నిహిత బంధుత్వ నిబంధన గుర్తొచ్చింది. గుర్తుచేసిన వాళ్ళు ఎవరూ లేరు. గదిలో ఆయనొక్కడే. వ్యవహారంలో తన బంధువు ఉంటే, పక్షపాతం అనే మాట రాకుండా, అధికారి ఒక మెట్టు కిందికి దిగి రాయాలన్నది ఆ నిబంధన. ఏళ్ళ కిందట దాన్ని రాసింది విస్తినే. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఒక మెట్టు దిగాడు. ‘గాఢమైన ఆందోళన’ అయింది. అల్లుడన్న వాడికి ఇంత గాఢత ఎందుకని జనం అనుకోరూ? మరో మెట్టు. రాయబారులు మెట్ల మీద మళ్ళీ ఎదురుపడితే? ఇంకో మెట్టు. ఒకసారి దిగడం మొదలుపెట్టాక కాళ్ళకు అలవాటైపోయింది. అరగంటలో, ‘నీటిపై ఉన్న ఒక సౌకర్యానికి సంబంధించిన పరిణామాలను గమనించాం, సంబంధిత పక్షాలన్నీ సంయమనం పాటించాలి’ అన్న ప్రకటన వెలువడింది. సంబంధిత పక్షాలన్నీ అంటే అందులో జుజా కూడా ఉంది. ఆవిడ కూడా సంయమనం పాటించాలి.

లూర్దెస్ ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. అడిగినదానికల్లా “గమనించాను” అని మాత్రం అనేది. కూర బాగుందంటే గమనించాను. వర్షం వచ్చేలా ఉందంటే గమనించాను. విస్తిన్ నిజంగా ఏడ్చిన రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాడు. బయటికొచ్చాక ఆమె తువ్వాలు ఇచ్చింది.

వారం తిరక్కముందే వాళ్ళందరినీ విమానాల్లో ఎక్కించి పంపేశారు. జుజా దిగింది. కుడి మణికట్టు నల్లగా కమిలి ఉంది. విమానాశ్రయంలో ప్రభుత్వం తరఫున స్వాగతం చెప్పే బాధ్యత శాఖది కాబట్టి, పూలగుత్తితో విస్తినే నిలబడ్డాడు. ఆవిడ గుత్తి తీసుకుని, “ఇవి మన అంగట్లోవి కావే, ఎక్కడ కొన్నావయ్యా? వాడిపోయాయి,” అంది.

ఇంటికొచ్చాక కాళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, జరిగింది చెప్పింది. కిటికీల్లేని గది. చలి. మాత్రలు అడిగితే రేపన్నారు. మూడో రోజున ఒక అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు.

“మీ దేశంతో మాట్లాడాలి, నన్ను ఇలా ఉంచడం మా వాళ్ళు ఒప్పుకోరు అన్నా. వాడు ఫోన్ తీసి మీ ప్రకటన చదివి వినిపించాడు, ఇంగ్లీషులో. ‘చూడమ్మా, మీవాళ్ళు ఒప్పుకోలేదని ఎక్కడుంది? గమనించామన్నారు, అంతే కదా’ అన్నాడు. నేను వెతికించా. నా పేరుందేమో చూడు నాయనా అన్నా. పాపం పై నుంచి కింది దాకా రెండుసార్లు చూశాడు.”

లూర్దెస్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“అది రాసింది మా అల్లుడే అని చెప్పా,” అంది జుజా. “చాలా చక్కటి భాష అన్నాడు.”

తను రాసి చెరిపేసిన వాక్యం ఒకటుందని విస్తిన్ చెబుదామనుకున్నాడు. నోటి దాకా వచ్చింది. చెరిపేసిన వాక్యం గురించి చెప్పడం, రాయకపోవడం కన్నా సిగ్గుచేటని తోచి మింగేశాడు.

“పాలపొడి ఏమైంది?” అని అడిగింది ఆవిడ.

“అడిగాం అత్తయ్యా.”

“ఏమన్నారు?”

“మేం అడిగిన సంగతి గమనించామన్నారు.”

జుజా తల ఊపి, కాళ్ళు తుడుచుకుంది. ఓడలో ఒక డబ్బా పగిలి పొడి డెక్ మీద పడిందని, ఆ ట్యునీషియా కుర్రాడు దాన్ని చేత్తో ఎత్తుతుంటే ఆ పొడిని బూటు కాలితో తన్నారని, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. తర్వాత పిల్లికి తిండి సరిగ్గా పెట్టారా అని అడిగింది.

ఆ ప్రకటనకు మాత్రం మంచి పేరొచ్చింది. ఇద్దరు రాయబారులూ సమతూకంగా ఉందని విడివిడిగా అభినందించారు. బ్రస్సెల్స్ దాన్ని ఉమ్మడి విధానానికి నమూనాగా తీసుకుంది. అన్ని దేశాలూ కలిసి గమనించడానికి వీలుగా అందులో ‘మాల్టా’ అన్న మాట తీసేసింది. డాక్టర్ షిబెరాస్, ఆ రోజు తన విచక్షణ ఎంత బాగా పనిచేసిందో అందరికీ చెప్పుకున్నాడు. విస్తిన్‌ను ఉపశాఖాధిపతిని చేశారు.

శనివారం పొద్దున ఆయన మర్సాష్లోక్‌లో రొట్టెలు కొనడానికి వెళ్ళాడు. బేకరీ ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. ఆయన మలుపు ఇవతలే ఆగిపోయాడు. వరసలోంచి గొంతులు వినపడుతున్నాయి.

“సొంత అత్తగారిని తీసుకుపోతే గమనించాడట!” అంది ఒకామె.

“నేనైతే గుమ్మం తొక్కనివ్వను,” అన్నాడు వలలు అల్లే ముసలాయన.

“ఆపండర్రా!” జుజా గొంతు. కోపంగానే ఉంది. “మా అల్లుణ్ణి ఒక్క మాటంటే ఊరుకోను. నన్ను లాగినవాణ్ణి అనండి. మందులివ్వని వాణ్ణి అనండి. పాలపొడి తన్నినవాణ్ణి అనండి. పాపం, మావాణ్ణెందుకంటారు? వాడేం చేశాడని?”

వరసలో ఉన్నవాళ్ళంతా కాసేపు ఆలోచించారు. ఎవరికీ ఏమీ తట్టలేదు.